ముగ్గురి సగటు

నేను వికారాబాద్‌లో డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. నా పరిశోధన గాలిలోని దుమ్ము మీద కాబట్టి, ఏడాదికోసారి ఏదో ఒక సదస్సు వాళ్లు పేపర్లు పంపించి, చదివి అభిప్రాయం రాయమంటారు. రాసినవాళ్ల పేర్లు మాకు తెలియవు, మా పేర్లు వాళ్లకు తెలియవు. ఒక్కో పేపరును ముగ్గురం చదివి మార్కులు వేస్తే, ఆ మూడింటి సగటు చూసి తీసుకోవాలో వద్దో నిర్వాహకులు తేలుస్తారు. దీనికి జీతం లేదు, పేరూ రాదు. అయినా ఆ పని నాకు ఇష్టంగానే ఉండేది. ఎవరో ఎక్కడో కష్టపడి రాసిందాన్ని అందరికన్నా ముందు చదవడంలో ఒక గౌరవం ఉందనుకునేదాన్ని.

ఆ ఏడు హైదరాబాద్‌లో కార్మికుల ఆరోగ్యం మీద సదస్సు పెట్టారు. నాకు వచ్చిన పేపర్లలో ఒకటి బండలు కోసి పాలిష్ చేసే యూనిట్లలో దుమ్ము గురించి. ఊరి పేరు రాయలేదు. కానీ కర్ణాటక సరిహద్దు, చుట్టూ కందిచేలు, నీలంవీ పసుపువీ నాపరాళ్లు అని రాశాక ఇంక పేరెందుకు? అది తాండూరు. అక్కడ బండలు కోసే మిషన్ మీదే మా అన్న బతుకంతా గడిచింది. మా అమ్మానాన్నలు బొంరాస్‌పేట దగ్గర కూలికి పోయేవాళ్లు. అన్న మీసాలన్నా రాకముందే తాండూరు వచ్చి బండల పనిలో చేరాడు. అతని వెనకాలే మేమంతా వచ్చాం.

పేపరు చక్కటి ఇంగ్లీషులో ఉంది. గాలిలో దుమ్ము అనుమతించిన హద్దు లోపలే ఉందని తేల్చింది. దగ్గుతో, ఆయాసంతో ఉన్న కార్మికులందరికీ బీడీ అలవాటు ఉన్నట్టు తేలింది కాబట్టి, ఆ జబ్బుకు పనిచోటి దుమ్మును కారణంగా చెప్పలేమని ముగించింది.

సదస్సు అధ్యక్షుడికి ఫోన్ చేశాను. ఇది మా ఊరని, మా అన్న ఈ పనిలోనే ఉండేవాడని, నేను చదవడం సబబేనా అని అడిగాను. ఆయన పెద్దమనిషి, మెత్తగా మాట్లాడతాడు. ఊరు తెలిసినవాళ్లు చదివితే మంచిదే, పేపర్లో ఉన్న సైన్సు చూడండి చాలు అన్నాడు.

ఆ ఆదివారం చర్చి అయ్యాక తాండూరు పోయాను. అన్న అప్పటికే పని మానేశాడు. రేకుల వసారాలో ప్లాస్టిక్ కుర్చీలో ముందుకు వంగి కూర్చుని ఉన్నాడు. వెనక్కి ఆనుకుంటే ఊపిరి ఆడదు. అనంతగిరి మీది ఆసుపత్రిలో చూపించాం. టీబీ కాదని డాక్టరు తేల్చి చెప్పాడు, ఏం పని చేస్తావని అడిగాడు, ఇక ఆ పనికి పోవద్దన్నాడు.

చదువుతున్న పేపరు సంగతి బయట మాట్లాడకూడదని నియమం. నేను ఎత్తలేదు. అన్నే ఏదో మాటల్లో చెప్పాడు.

"పోయిన వానకాలం పట్నంకెల్లి ఎవలో వచ్చిండ్రు చెల్లె. మా మెడలకాడ గాలి కొలిచె డబ్బాలు కట్టిండ్రు. గా దినం సేటు దుమ్ము లేవకుంట మిషన్ల మీద నీళ్లు దండిగ ఇడిపిచ్చిండు, పొడి కోత బంద్ పెట్టిచ్చిండు. గంత సల్లగ మేమెన్నడు పని చెయ్యలె."

నేను నీళ్ల గ్లాసు అందించాను. తాగి, కాసేపు ఊపిరి తీసుకుని మళ్లీ అందుకున్నాడు.

"బీడీ తాగుతవా అనడిగిండ్రు. తాగ అని చెప్పిన. తాగెటోళ్లతోని కూసుంటవా అన్నరు. ఒక్కకాడ పని చేసుకుంట, ఒక్కకాడ తినుకుంట, కూసోకుంటె ఎట్ల సారూ అన్న. ఏందో రాస్కున్నరు."

మా అన్న జన్మలో బీడీ ముట్టలేదు. మా నాన్న తాగితేనే పక్కకు జరిగి కూర్చునేవాడు. ఆ పేపర్లోని 'అందరిలో' తనూ ఒకడని అన్నకు తెలియదు. నేను చెప్పడానికి లేదు. వదిన అన్నం పెడితే తిని, సాయంత్రం బండికి వికారాబాద్ వచ్చేశాను.

మర్నాడు మళ్లీ అధ్యక్షుడికి ఫోన్ చేసి, విన్నదంతా చెప్పాను. అది పేపరు బయటి విషయం కదా మేడమ్ అన్నాడు. ఇబ్బందిగా ఉంటే తప్పుకోండి, లేదంటే పేపర్లో ఉన్నదాని మీదే రాయండి అన్నాడు. తప్పుకుంటే ఆ ప్రశ్నలు అడిగేవాళ్లే ఉండరనిపించింది. ఉండిపోయాను.

ఎవరైనా అడగదగ్గ ప్రశ్నలే అడిగాను. కొలిచిన రోజు తడి కోతా, పొడి కోతా? ఎండాకాలం కూడా ఎందుకు కొలవలేదు? యజమానికి ముందుగా చెప్పి వెళ్లారా? బీడీ అలవాటును ఏ ప్రశ్నతో నిర్ధారించారు? వీటికి జవాబు లేకుండా ఈ ముగింపు నిలవదని, పేపరును తీసుకోవద్దని రాశాను. అంత జాగ్రత్తగా నేను నా థీసిస్ కూడా రాయలేదు.

మిగతా ఇద్దరి అభిప్రాయాలు తర్వాత నాకూ పంపారు. ఒకరు, అవసరమైన అంశం, స్పష్టంగా రాశారు అని రెండు ముక్కల్లో ముగించారు. ఇంకొకరు కామాలు దిద్దారు. ఇద్దరూ మంచి మార్కులే వేశారు. రచయితల జవాబులో, మామూలు పరిస్థితుల్లోనే కొలిచామని యాజమాన్యం ధ్రువీకరించింది అని ఉంది. సగటు హద్దు దాటింది. పేపరు తీసుకున్నారు. నా అభ్యంతరాన్ని పేపరు కిందైనా వేయమని అడిగితే, అలాంటి పద్ధతి లేదన్నారు.

సదస్సుకు వెళ్లాను. ఆ పేపరు చదివింది ఒక చిన్నపిల్ల, రీసెర్చ్ స్కాలర్. ఎవరో ఏదో తేలిక ప్రశ్న వేశారు, చప్పట్లు కొట్టారు. టీ దగ్గర ఆమెను పలకరించాను. నేనెవరో చెప్పలేదు. కొలిచిన రోజు అక్కడ బాగా తడిగా ఉందట కదా అన్నాను. ఆ పిల్ల చుట్టూ చూసింది.

"ఇంకోసారి పోదామని మా సార్‌ని అడిగిన మేడమ్. పర్మిషన్ మళ్ల ఇయ్యరన్నడు. నాకు ఈ పేపర్ లేకుంటే పీహెచ్‌డీ సబ్మిట్ కాదు."

ఆమెను కోప్పడదామని వెళ్లినదాన్ని, టీ కప్పు అక్కడే పెట్టి వచ్చేశాను.

అన్న తరఫున నష్టపరిహారం కోసం కేసు వేశాం. వేసేనాటికి ఇంట్లో ఆక్సిజన్ సిలిండర్ పెట్టుకున్నాం. విచారణలో సేటు వకీలు ఆ పేపరే తీసి పెట్టాడు. నిపుణులు ముగ్గురు పరీక్షించి ఆమోదించిన శాస్త్రీయ పరిశోధన అన్నాడు. ఆ ముగ్గురిలో నేనొకదాన్ని. నియమం సంగతి పక్కన పెట్టి, నేను రాసిన అభిప్రాయాన్ని మా వకీలుకిచ్చాను. అవతలి వకీలు దాన్ని పూర్తిగా చదవనైనా లేదు, పేరు చూసి పక్కన పెట్టాడు. రాసింది బాధితుడి సొంత చెల్లెలు, దీనికేం విలువ అన్నాడు. మా వకీలు ఆ కాగితాలు తీసి మళ్లీ ఫైల్లో పెట్టుకున్నాడు.

కేసు తేలకముందే, కంది పూతకొచ్చే రోజుల్లో అన్న పోయాడు. చివరి వారం మాట్లాడలేకపోయేవాడు, చేత్తోనే కిటికీ తెరవమనేవాడు. తెరిచే ఉందని ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ చెయ్యెత్తేవాడు. సమాధి దగ్గర తోటి పనివాళ్లు నిలబడ్డారు. పాస్టరు ప్రార్థన చేస్తుంటే వాళ్లలో ఇద్దరు దగ్గు ఆపుకోలేక దూరంగా నడిచిపోయారు.

మట్టి పోసి ఇంటికొచ్చాక, అప్పటిదాకా దాచిందంతా వదినకు చెప్పాను. ఆ పేపరు, నా ప్రశ్నలు, మార్కులు, ఆ పిల్ల. వదిన బడికి పోలేదు. గోడకు ఆనుకుని ఓపిగ్గా విన్నది. తర్వాత అడిగింది.

"అంటే వాళ్లు అబద్ధం రాసిండ్రా?"

బీడీ మాట అబద్ధమే అన్నాను. దుమ్ము లెక్క మాత్రం ఆ రోజు చూసిందే రాశారు అన్నాను.

"ఆయన గా మిషన్ మీద ఇన్నేండ్లు చేసిండు. వాళ్లకు గా ఒక్క దినమే దొరికిందా?" అన్నది వదిన.

లేచి, ఖాళీ సిలిండర్ తీసుకుపోవడానికి వచ్చినతనికి తలుపు తీసింది.