నాలుగో మూల

ఆగస్టు పదిహేను తెల్లారేసరికి ఇటలీలోని పలెర్మోలో బల్లరో బజారు వెనక సందులన్నీ కొలిమిలా కాగుతుంటాయి. పొద్దు పొడవకముందే ప్రతి వంటింట్లోనూ ఓవెన్ వెలుగుతుంది. మేరీమాత పండగ నాడు సముద్రం ఒడ్డున కూర్చుని ఓవెన్‌లో కాల్చిన పాస్తా తినని ఇల్లు ఆ సందుల్లో లేదు. మండు వేసవిలో వేడి వేడి పాస్తా ఏమిటి, దాన్ని ఉన్ని దుప్పట్లో చుట్టి సముద్రానికి మోసుకెళ్ళడం ఏమిటి అని బయటివాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. వాళ్ళకి వండిపెట్టేవాళ్ళు లేరు, అంతే.

నింఫా వండిపెట్టేది. హోటల్ వాళ్ళ దుప్పట్లు ఇస్త్రీ చేసి చేసి ఆమె కుడిచెయ్యి ఎడమచేతికన్నా లావెక్కింది. ఆ చేత్తోనే పెళ్ళయిన ఏడాది నుంచీ పండగ పాస్తా కలుపుతోంది. సన్నటి ఉంగరాల్లాంటి పాస్తాని పలుకు మీదే వార్చి, ముందురోజు కాచిన కైమా టమాటా పులుసులో కలిపి, వేయించిన వంకాయ ముక్కలు, చీజ్ ముక్కలు పొరలు పొరలుగా పరిచి, పైన రొట్టెపొడి చల్లి, అరచేత్తో గట్టిగా అదిమేది. అందులో బఠాణీలు వేయకూడదని అత్తగారు శాసించింది. నింఫా వేసింది. ఆవిడ ఒక్కో బఠాణీ ఏరి కంచం అంచున వరసగా పేర్చి, ఇంటిల్లిపాదికీ చూపించేది. మరుసటి పండక్కి నింఫా ఇంకో గుప్పెడు ఎక్కువ వేసేది. ఆ ముసలావిడ బతికినన్నాళ్ళూ ఏరుతూనే ఉంది, ఈవిడ వేస్తూనే ఉంది.

ట్రే నలుచదరపుది, సత్తుది, కాలి కాలి నల్లబడింది. నడిమి ముక్క ఎవరికైనా పెట్టొచ్చు, మూలలు మాత్రం అలా కాదు. మూల ముక్కకి అడుగూ రెండు పక్కలూ కరకరలాడతాయి, చీజ్ మాడీ మాడనట్టు అంటుకుని ఉంటుంది. దానికోసం ఆ ఇంట్లో జుట్లు పట్టుకున్న రోజులున్నాయి. చివరికి నింఫా తీర్పు చెప్పింది. ఒక మూల మొగుడు నార్దోది, తక్కినవి ముగ్గురు పిల్లలవి. ఆమెకి ఎప్పుడూ నడిమి ముక్కే, అదీ అందరికీ పెట్టాక మిగిలితే. మూల కావాలని ఆమె అడగలేదు, తినమని ఎవరూ అనలేదు.

నార్దో పోయాక ఆయన మూల అలాగే మిగిలిపోయేది. ఎవరూ చెయ్యి వేయలేదు. ట్రేతో పాటే ఇంటికి తిరిగొచ్చేది. మర్నాడు నింఫా దాన్ని నీళ్ళలో నానబెట్టి, గీకి, కడిగేసేది.

ఈ ఏడాది పండగ వారం ఉందనగా కొడుకు గాస్పరే పెళ్ళాం లొరెదానా వచ్చి కూర్చుంది. ఈసారి క్లబ్బు వాళ్ళ తీరంలో గొడుగులు, పడక కుర్చీలు తీసుకున్నామంది, అక్కడే రెస్టారెంటులో అందరికీ బల్ల చెప్పామంది. మాటలో మంచితనమే ఉంది.

"మీరు ఇంక పొయ్యి దగ్గర మాడక్కర్లేదత్తయ్యా. ఒక్క ఏడాది కూర్చుని తినండి, ఎవరో ఒకరు వడ్డిస్తారు."

నింఫా తల ఊపింది. కానీ ఆ వారమంతా ఆమెకి ముద్ద దిగలేదు. ఒక్క ఏడాది ఆపితే ఇక ఆగినట్టేనని ఆమెకి తెలుసు. వచ్చే ఏడు ఎవరికో వీలుపడదు, ఆపై ఏడు ఎవరికీ గుర్తుండదు. ముగ్గురు పిల్లలూ తలో దారిన పోతారు. వాళ్ళని ఏడాదికోసారి ఒక్కచోట కూర్చోబెడుతున్నది తన మొహం కాదు, ఈ ట్రే. ఆ సంగతి ఒప్పుకోవడానికి ఆమె సిగ్గుపడలేదు. పండగ రోజు చీకటితోనే లేచి ఓవెన్ వెలిగించింది.

క్లబ్బు గేటు దగ్గర పెద్ద బోర్డు ఉంది. బయటి తిండి తేకూడదు, శాండ్‌విచ్చిలకి పర్వాలేదు, ట్రేలు, పుచ్చకాయలు, గ్యాసు పొయ్యిలు కుదరవు. ఆ బోర్డు కింద నుంచే జనం చంకలో తువ్వాళ్ళ మూటలు పెట్టుకుని, దిక్కులు చూస్తూ లోపలికి పోతున్నారు. ఒక లావుపాటాయన సంచీలోంచి టమాటా పులుసు బొట్లు బొట్లుగా కారుతోంది. నింఫా చంకలో ఉన్ని దుప్పటి మూట చూడగానే గాస్పరే మొహం మాడిపోయింది. తల్లిని పక్కకి లాగి, తన చంటిపిల్లని ఎత్తుకుంటానని, ట్రేని పిల్ల తోపుడు బండిలో పెట్టి పైన గుడ్డ కప్పేద్దామన్నాడు.

"కప్పడానికి ఇదేం దొంగసొత్తురా?" అంది నింఫా. "మీ నాన్న దీన్ని నెత్తిన పెట్టుకుని బస్సెక్కాడు. నువ్వు చంటిదాని గుడ్డల కింద పెడతానంటున్నావు."

నేరుగా గేటు దగ్గరికి నడిచింది. గేటు మనిషి నడివయసువాడు, పేరు ఇవానో, తెల్లచొక్కా మడత నలగలేదు. మూటలో ఏముందని అడిగాడు. మధ్యాహ్నం భోజనమని చెప్పి, దుప్పటి తీసి మరీ ట్రే, కంచాలు, గరిటె చూపించింది. కాలిన చీజ్ వాసన గేటు చుట్టూ అలుముకుంది. వరసలో ఉన్నవాళ్ళు మెడలు సాచారు.

"లోపలికి కుదరదు పెద్దమ్మా. ఇక్కడ పెట్టి వెళ్ళండి, సాయంత్రం తీసుకుందురుగాని."

"పండగ పూట తినే వంట పొద్దుగూకేదాకా నీ కాళ్ళ దగ్గర కూర్చోవాలా?"

"నేనేం చెయ్యను, యజమాని మాట. ఈ ఇసుక ఆయనది."

"సముద్రం కూడా ఆయనదేనా?"

ఇవానో నవ్వాడు. "సముద్రం ఎవరిదీ కాదు."

"అయితే నాదీనూ," అంది నింఫా. మూట కట్టుకుని వెనక్కి తిరిగింది.

క్లబ్బు కంచె పక్కన సన్నటి దారి ఉంది, చెత్త డబ్బాల పక్కనుంచి నీళ్ళ దాకా పోతుంది. ఆ దారిలో నడిచి, తడి ఇసుక మీదుగా తిరిగి, నింఫా సరిగ్గా కొడుకు తీసుకున్న, అప్పటికే అందరూ చేరిన గొడుగుల ఎదురుగా తేలింది. ఇవానో పరుగున వచ్చి, తడి ఇసుక మీద నడవొచ్చు గానీ కూర్చోకూడదు, చాప పరవకూడదు అన్నాడు. కూర్చోనని చెప్పి, నల్లగౌనుతోనే నీళ్ళలోకి దిగింది. మోకాళ్ళ దాకా దిగి, ట్రే చంకన పెట్టుకుని, ఒడ్డుకేసి తిరిగి నిలబడింది. పిల్లల్ని పేరుపేరునా పిలిచింది. బల్లరోలో కూరలమ్మేవాళ్ళలాంటి గొంతు అది, తీరమంతా వినపడింది.

ఎవరూ కదల్లేదు. కూతుళ్ళిద్దరూ అన్నయ్య మొహం చూశారు. అన్నయ్య రెస్టారెంటు వైపు చూశాడు. నింఫా చెయ్యి లాగుతోంది, అల కొట్టినప్పుడల్లా ట్రే జారుతోంది. ఇంకాసేపు ఇలాగే అయితే మొత్తం చేపల పాలవుతుందని ఆమెకి తెలుసు. అయినా ఒడ్డుకి రాలేదు. పోతే సముద్రంలో పోనీ, గేటు దగ్గర మాత్రం పెట్టను అనుకుంది.

లొరెదానా పడక కుర్చీలో బిర్రబిగుసుకుని కూర్చుంది. తను కుదిర్చిన పండగ నలుగురిలో నవ్వులపాలైందని ఆమెకి కళ్ళనీళ్ళు తిరుగుతున్నాయి. పక్కనే నిలబడ్డ ఇవానో తోటివాడితో, బజారు జనాన్ని రానిస్తే ఇంతే, ఎక్కడికెళ్ళినా సంత చేస్తారు అన్నాడు. లొరెదానా పుట్టింది కూడా ఆ బజారులోనే, నింఫా ఇంటికి రెండు సందుల అవతల.

ఆమె లేచింది. పిల్లల గాలి పరుపు చంకన పెట్టుకుని, ఇవానోని భుజంతో తోసుకుంటూ నీళ్ళలోకి నడిచింది. పరుపుని అత్తగారి ముందు తేలేసి, ఆమె చంకలోని ట్రే తీసి దానిమీద పెట్టింది.

"మీ అంత మొండిమనిషిని నేనెక్కడా చూళ్ళేదత్తయ్యా."

"అద్దంలో చూసుకోవే," అంది నింఫా.

పరుపు చక్కగా తేలింది. లొరెదానా ఒక పక్క పట్టుకుంది. ఆ తర్వాత కూతుళ్ళు వచ్చారు, పిల్లలు వచ్చారు. గాస్పరే చెప్పులు చేత్తో పట్టుకుని అందరికన్నా ఆఖరున దిగాడు. తల్లి అతనికి ముందు తిట్టు వడ్డించి, తర్వాత అతని మూల వడ్డించింది. నడుము దాకా నీళ్ళలో పిల్లలు, మోకాళ్ళ దాకా పెద్దలు, చేతుల్లో కంచాలు. ఒడ్డున గొడుగుల కింద తువ్వాళ్ళ మూటలు ఒక్కొక్కటే విప్పుకున్నాయి. ఆ పులుసు కార్చుకున్న లావుపాటాయన అయితే ట్రే పట్టుకుని ఏకంగా నీళ్ళలోకే వచ్చేశాడు. ఎవర్ని ఆపాలో తెలీక ఇవానో తడి ఇసుక మీద అటూ ఇటూ తిరిగాడు. నీళ్ళలో అతని మాట చెల్లదు.

ట్రేలో చివరికి నార్దో మూల మిగిలింది. తన ముక్క అయిపోయిన గాస్పరే దానివైపు చెయ్యి చాచాడు. నింఫా గరిటెతో ఆ చేతిమీద ఒక్కటిచ్చింది.

"నాన్నదే కదమ్మా," అన్నాడు గాస్పరే. "ఎలాగూ రేపు నానబెట్టి పారేస్తావు."

"మీ నాన్న బతికినన్నాళ్ళూ తిన్నాడు. నేను బతికే ఉన్నాను."

గరిటె అడుగుదాకా గుచ్చి, ఆ మూలని ఊడదీసి, చేత్తోనే పట్టుకుని కొరికింది. కరకరమన్న చప్పుడు అందరికీ వినపడింది. ఆమె తొందరపడలేదు. అంచుకి అంటుకున్న చీజ్‌ని పళ్ళతో లాగి, బఠాణీలతో సహా నమిలి, వేళ్ళు నాకింది. ఆమె కళ్ళు చెమర్చాయి. అది ఉప్పునీళ్ళని ఎవరైనా అనుకుంటే అనుకోనీ. ఇన్నేళ్ళు తన చేత్తో కాల్చింది ఇంత బాగుంటుందని ఎవరూ ఒక్క మాట చెప్పలేదే అని ఆమెకి ఒళ్ళుమండింది.

"ఎలా ఉందత్తయ్యా?" అంది లొరెదానా.

నింఫా ఒడ్డున నిలబడ్డ ఇవానోకి కూడా వినపడేలా గొంతు పెంచింది.

"వచ్చే ఏడు రెండు ట్రేలు చేస్తాను. నువ్వు ఇంకో పరుపు కొను."