పూతలపట్టుకు గడ్డి కోసం

ఎనభైల మొదట్లో చంద్రగిరి పక్కనున్న మా పల్లెకు వరుసగా రెండేళ్ళు వానలు మొహం చాటేశాయి. వామిలో మిగిలింది నాలుగు మోపుల గడ్డి. అదీ అయిపోతే శనివారం సంతకు ఎద్దుల్ని తోలక తప్పదని నాయన తేల్చి చెప్పాడు. ఆ ఏడు సంతలో కొనేవాళ్ళు సేద్యగాళ్ళు కారు, కోతకు తోలేవాళ్ళు. అది తెలిసి అమ్మ అన్నం ముట్టలేదు. పూతలపట్టు దగ్గర పల్లెలో మా అత్త, అంటే నాయన చెల్లెలు, ఉంటుంది. వాళ్ళకు చెనక్కాయ, అదే వేరుశనగ, పండిందని ఎవరో అన్నారు. కాయలు తెంచాక మిగిలే ఎండు చెట్టును మేము కట్టె అంటాం. పశువులకు అంతకన్నా బలమైన మేత లేదు. అది అడిగి తెద్దామని బయల్దేరాం. మోపు కట్టడంలో ఇంట్లో నా చేయే తిరిగినది కాబట్టి నాయన నన్ను వెంట తీసుకెళ్ళాడు.

తిరుపతి నుంచి చిత్తూరు పోయే మొదటి బస్సును చంద్రగిరిలో పట్టుకుంటే ఎండెక్కకముందే పూతలపట్టులో దిగొచ్చు. మేమూ అదే బస్సెక్కాం. నాయన భుజాన ఉన్న మోకుల చుట్ట చూసి కండక్టరు గడ్డికేనా అని అడిగాడు. ఈ మధ్య తన బస్సులో మనుషులకన్నా మోకులే ఎక్కువ తిరుగుతున్నాయని, పోయినవి పోయినట్టే ఖాళీగా వస్తున్నాయని కూడా అన్నాడు. పొద్దున్నే ఆ మాట అవసరమా అని నాకు ఒళ్ళు మండింది. కానీ కిటికీలోంచి చూస్తే అతనిది అబద్ధమని అనడానికి లేదు. దామలచెరువు దాకా మామిడి తోపులే కాస్త పచ్చగా ఉన్నాయి, చేలన్నీ బూడిద రంగులో ఉన్నాయి.

పూతలపట్టు కూడలిలో టీ అంగడి సాయిబు నాయనకు పాత పరిచయం. గూడూరు వైపు నుంచి వరిగడ్డి లారీలు వస్తాయంట కదా అని నాయన ఆశగా అడిగాడు. సాయిబు గ్లాసు కడుగుతూనే జవాబిచ్చాడు.

“వస్తా ఉండాయి గానీ అబ్బా, అది ముందటి గడ్డి కాదు. ఇప్పుడంతా పొట్టి వరి. గింజ బాగా రాల్తాది, గడ్డి మోకాలెత్తు రాదు. ఆ వచ్చే రెండు లారీలూ పెద్దోళ్ళ ఇండ్లకే పోతాయి.”

అక్కణ్ణుంచి అత్తవాళ్ళ పల్లెకు నడకే. చెప్పుల్లేని కాళ్ళు చురచుర కాలాయి. దూరం నుంచే వాళ్ళ ఇంటి ముందు వామి కనబడేసరికి నాయన నడక వేగం పెంచాడు. దగ్గరికి పోయాక తెలిసింది. ఊడలు నేలలోకి దిగి కాయ కట్టే వేళకు వాన లేక చెట్టు జానెడుకు మించి పెరగలేదు. ఆకుమచ్చ తెగులు తగిలి ఉన్న ఆకూ రాలింది. తీరా చెట్టు పీకి చేలో కుప్పలేశాక ముసురు పట్టింది. ఇంకా తడుస్తుందేమోనన్న భయంతో మామ ఆరకముందే తెచ్చి వామి వేశాడు. పైకి బాగానే ఉంది. లోపలికి చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది, బూజు వాసన కొట్టింది. పశువు మూతి కూడా పెట్టదు.

అత్త సంగటి పెట్టింది. నాయన రెండు ముద్దలు తిని, పొద్దుండగానే పోతామని చెయ్యి కడుక్కున్నాడు. మోకుల చుట్ట మళ్ళీ భుజానికెత్తుకుంటుంటే ఆయన ముఖం చూడలేకపోయాను. అంతలో ఇంటి వెనక ఏదో విరిగిన చప్పుడైంది. పోయి చూస్తే మామ పశువుల కొట్టం మీదికెక్కి కప్పు విప్పుతున్నాడు. వరి మనిషి రొమ్ము ఎత్తు పెరిగిన రోజుల్లో వేసిన కప్పు అది. పై పొర నల్లగా కుళ్ళింది గానీ, లోపలి గడ్డి ఇంకా పసుపుపచ్చగా, పొడుగ్గా ఉంది.

పశువుల్ని ఎండలో కట్టేస్తారా అని నాయన కోప్పడుతూ కొట్టంలోకి దూరాడు. లోపల మేత వేసే గాడి ఎండిపోయి ఉంది. గుంజలకు పశువుల్ని కట్టే పలుపులు ఊరికే వేలాడుతున్నాయి. అత్త వాకిట్లోనే నిలబడింది.

“పోయిన వారం సంతకు తోలేసినామన్నా. కొట్టానికి ఇంక కప్పెందుకు? నీ ఎద్దులన్నా మిగలనీ.”

నాయన గుంజ పట్టుకుని ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదలు. నేను మోపులు కట్టాను, అందరం నెత్తిన పెట్టుకుని రోడ్డుకు మోశాం. తిరుపతికి ఖాళీగా పోతున్న లారీ డ్రైవరు కిరాయి మాటెత్తకుండా ఎక్కించుకున్నాడు.

ఆ కప్పు తిని మా ఎద్దులు వాన దాకా నిలబడ్డాయి. తొలి వాన పదునుకు నాయన వాటిని అంత దూరం తోలుకుపోయి, ముందు అత్త చేను దున్ని విత్తనం వేశాడు. తిరిగొచ్చేసరికి మా చేను ఆరి గట్టిపడింది. ఆ ఏడు మాకు కాయా లేదు, కట్టే లేదు. గడ్డి తగ్గిందంటే వాన లేకనే అనుకుంటాం గానీ, వేళ తప్పిన వాన, పొట్టి విత్తనం, ఆరనివ్వని తొందర, అన్నీ కలిసి ఇల్లు ముంచుతాయని ఆ దారిలోనే చూశాను. ఇప్పటికీ పూతలపట్టు మీదుగా బస్సులో పోతే నాకు ఆ ఖాళీ పలుపులే గుర్తొస్తాయి. కరువు ఏడు బంధువులింటికి మేత కోసం పోయేవాళ్ళకు నేను చెప్పగలిగేది ఒకటే. నోరు తెరిచి అడగకముందు వాళ్ళ కొట్టంలోకి ఒకసారి తొంగి చూడండి.