గంట కొట్టని బడి

నా చిన్నప్పుడు మా ఊరి బడికి మా నాన్న ఒక్కరే మాస్టారు. చిలకలూరిపేటకి అవతల, నల్లరేగడి చేల మధ్య ఊరు మాది. మిరప కోతల రోజుల్లో బళ్ళో కూర్చున్నా ముక్కు మండేది.

మా చెల్లికి మాటలు సరిగా రాలేదు. పిలిస్తే తిరిగి చూసేది కాదు. కళ్ళ ముందు వేళ్ళు ఆడించుకుంటూ తన లోకంలో తానుండేది. ఇప్పుడు దాన్ని ఆటిజం అంటున్నారు. అప్పుడు ఊళ్ళో దానికి పెట్టిన పేర్లు వేరు, అవి నేనిక్కడ రాయను.

అమ్మకి ఒంట్లో బాగుండేది కాదు కనుక నాన్న చెల్లిని కూడా బడికి తెచ్చేవారు. ఆయన కుర్చీ పక్కన చాప మీద బుద్ధిగానే కూర్చునేది. కానీ గంటగా కట్టిన ఇనప పట్టీ మీద దెబ్బ పడగానే చెవులు మూసుకుని, ప్రాణం పోతున్నట్టు అరిచేది. తల గోడకేసి కొట్టుకునేది. ఒకరోజు నుదురు చిట్లి రక్తం కారింది. నాన్న ఆ పట్టీని విప్పి గదిలో పడేశారు. ఆ తరవాత గంట వేళకి ఆయన గుమ్మంలో నిలబడి చెయ్యెత్తేవారు. మేమంతా మెల్లగా లోపలికి వచ్చేవాళ్ళం.

పిల్లలకి అది బాగానే ఉంది. పెద్దవాళ్ళకే నచ్చలేదు. ఒక ఉదయం కొందరు తల్లులూ తండ్రులూ కలిసి బడికి వచ్చారు.

"మీ పిల్ల కోసం ఊరి బడికి గంట లేకుండా చేస్తారా మాస్టారూ? ఇదేం న్యాయమండీ?" అన్నాడు ముందు నిలబడ్డ రైతు.

"మా బుజ్జిది కూడా ఇంటికొచ్చి అట్టాగే వేళ్ళాడిస్తోంది. ఇది అంటుకుంటే మాకెవరు దిక్కు? సొంత పిల్లని అదుపులో పెట్టుకోలేనాయన మా పిల్లలకేం చెప్తారు?" అంది వెనక నుంచి ఒకావిడ.

నాన్న కేకలేస్తారనుకున్నాను. ఆయన అందర్నీ అరుగు మీద కూర్చోమన్నారు.

"మిరపకాయలు తొడిమలు తీసిన రోజు మీ చేతులెట్టా ఉంటాయో మీకు తెలుసుగదండీ. ఎంత కడిగినా మంట పోదు. పక్కనోళ్ళకి ఆ మంట కనపడదు. మా అమ్మాయికి చప్పుడు అట్టాంటిది. అది పొగరు కాదు, అంటుకునే జబ్బూ కాదు."

వెనకావిడ తన అరచేతుల వంక చూసుకుంది. వాళ్ళ మనసు కరిగిందని నేను సంబరపడ్డాను.

"అదంతా మాకెందుకండీ, ఇంట్లో ఉంచుకోండి," అని ఆ రైతు లేచాడు. మిగతావాళ్ళూ లేచారు. అరచేతులు చూసుకున్నావిడ కూడా.

తరవాత ఒక్కొక్కరే పిల్లల్ని పక్కూరి బడికి మార్చారు. సంగతి పైవాళ్ళ దాకా పోయింది. మీ అమ్మాయిని బడికి తేవద్దని నాన్నకి గట్టిగా చెప్పారు. నాన్నే ఆ పట్టీని మళ్ళీ కట్టారు. చెల్లి ఇంట్లో ఉండిపోయింది. నలుగురి కళ్ళకీ భయపడి అమ్మ పగలు కూడా తలుపు వేసుకోవడం మొదలుపెట్టింది.

పట్టీ కట్టిన సాయంత్రం నాన్న చెల్లికి తల దువ్వి, రిబ్బను కట్టి, చెయ్యి పట్టుకుని వీధిలోకి బయలుదేరారు. నన్నూ రమ్మన్నారు. అరుగుల మీద మాటలు ఆగిపోయాయి. ఒకాయన తన పిల్లల్ని లోపలికి పిలుచుకున్నాడు. నాన్న మాత్రం ప్రతి అరుగు దగ్గరా ఆగి, వాళ్ళని పేరు పెట్టి పలకరించి, "మా చిన్నమ్మాయండీ," అని చెప్పారు, చెల్లి అప్పుడే ఊరికి కొత్తగా వచ్చినట్టు. బదులు పలికినవాళ్ళు తక్కువ.

"ఎవరూ పలకట్లేదుగా నాన్నా, మనం వెళ్ళటం ఎందుకు?" అని అడిగాను.

"వాళ్ళు పలకాలని కాదమ్మా. ఇది దాని ఊరు కూడా."

చెల్లి బతికున్నన్నాళ్ళూ ఆ నడక ఆగలేదు. పెళ్ళీడు రాకముందే జ్వరమొచ్చి చనిపోయింది. పరామర్శకి వచ్చినవాళ్ళు, "పోనీలెండి మాస్టారూ, భారం తగ్గింది," అన్నారు. ఓదార్పనే అనుకుని ఉంటారు. మర్నాడు సాయంత్రం నడక వేళకి నాన్న వీధి గుమ్మం దాకా వచ్చి, కాసేపు నిలబడి, లోపలికి వెళ్ళిపోయారు.

ఇప్పుడు నేను గుంటూరులో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. నా మనవడూ చెల్లి లాంటివాడే. "మా పిల్లలు ఆడుకునేటప్పుడు మీవాణ్ణి కిందికి తీసుకురావద్దు," అని అపార్ట్‌మెంటులో తల్లులు మా అమ్మాయి మొహం మీదే చెప్పారు. అది ఆ రోజంతా ఏడ్చింది, కిందికి వెళ్ళడమే మానేసింది. అందుకే నేను తీసుకెళ్తున్నాను. వాళ్ళు మారతారన్న ఆశ నాకు పెద్దగా లేదు. మమ్మల్ని చూసి ఎవరైనా బెంచీ మీంచి లేచి వెళ్ళిపోతే ఇప్పటికీ వెనక్కి తిరిగి పోదామనిపిస్తుంది. అయినా ముందుగా నేనే పలకరిస్తాను. "మా మనవడండీ," అంటాను. ఆ మాట అనేటప్పుడు గొంతు తగ్గించకూడదని మాత్రం మా నాన్న దగ్గర నేర్చుకున్నాను.