అట్రోపిన్ ఎక్కినవాడి వాంగ్మూలం

1981లో, పత్తికి పురుగు పడిన రోజుల్లో, నన్ను నంద్యాల ఆస్పత్రి నుంచి ఆళ్లగడ్డకు డిప్యుటేషన్ మీద పంపారు. అప్పుడు నేను సివిల్ అసిస్టెంట్ సర్జన్ని. పేరులో సర్జన్ ఉంది కదా అని రోజంతా కత్తి పట్టుకునేదాన్ననుకోకు పిల్లా. ప్రభుత్వ డాక్టర్ల తొలిమెట్టు హోదా అది. కాన్పులు, జ్వరాలు, పాముకాట్లు అన్నీ మేమే చూడాలి. నా కేసులు రాసుకుంటానని వచ్చావుగా, రాసుకో. ఈ సంగతి చెబుతుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఒక మధ్యాహ్నం యోహాను అనే కూలీని ఎద్దులబండిలో తెచ్చారు. నోట్లో నురగ, ఒళ్లంతా చెమట, ఛాతీలో గురగుర. కంటిపాపలు సూదిమొనల్లా ఉన్నాయి. వెంట భార్య సువార్తమ్మ, పొలం ఆసామి వచ్చారు.

"పెండ్లాంతో కొట్లాడి పురుగుమందు తాగినాడు డాక్టరమ్మా. అట్లే రాసేయండి" అన్నాడు ఆసామి.

"యాడ తాగినాడుమ్మా?" అని సువార్తమ్మ ఎగిరిపడింది. "వీపున కట్టుకుని మందు కొట్టే డబ్బా కారతాందప్పా అని నిన్ననే చెప్పినాడు. ఈపొద్దు గూడా ఇంగ రెండు సాళ్లే, కొట్టురా అన్నాడు ఈయప్ప!"

నేను ముందు చొక్కా విప్పించాను. వీపు వైపు గుడ్డ మందుతో తడిసి ముద్దయింది, ముందు వైపు మామూలు చెమటే. గొట్టం వేసి కడుపు కడిగితే పొద్దున తిన్న సంగటి వచ్చింది, మందు వాసన లేదు. అంటే విషం చర్మంలోంచి దిగింది. ఒళ్లంతా సబ్బుతో కడిగించి, విరుగుడుగా అట్రోపిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టాను.

ఆ విషం ఏం చేస్తుందో, అట్రోపిన్ ఏం చేస్తుందో చెబుతాను. ఒక నరం ఇంకో నరాన్ని తాకదు, మధ్యన సన్నటి సందు ఉంటుంది. కబురు చెప్పాలంటే నరం ఆ సందులోకి ఎసిటైల్ కోలిన్ అనే రసాయనం వదులుతుంది. దాన్ని బస్సు ప్రయాణికుడనుకో. అవతల దానికోసం సీట్లు ఉంటాయి, వాటినే రిసెప్టర్లంటారు. అది కూర్చుంటేనే లాలాజలం ఊరుతుంది, చెమట పడుతుంది. పని కాగానే దాన్ని దింపడానికి ఒక ఎంజైము ఉంటుంది, కండక్టరులాగా. పురుగుమందు ఆ కండక్టరు చేతులు కట్టేస్తుంది. ఇక దిగేవాడు లేడు, ఎక్కేవాళ్లు ఎక్కుతూనే ఉంటారు. మనిషి తన ఊటలోనే మునిగి ఊపిరాడక పోతాడు.

ఆళ్లగడ్డ బస్టాండులో జనం కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేస్తారు చూడు, అట్రోపిన్ ఆ తువ్వాలు. తాను ఏ కబురూ చెప్పదు, కూర్చునేవాణ్ణి కూర్చోనివ్వదు. ఛాతీలో గురగుర తగ్గేదాకా అది ఎక్కిస్తూనే ఉండాలి. చిక్కేమిటంటే మెదడులోనూ అవే సీట్లున్నాయి. అక్కడా తువ్వాళ్లు పడితే మనిషికి తానెక్కడున్నాడో తెలియదు. సాయంత్రానికి యోహాను ఊపిరి తేటపడింది, ముఖం ఎర్రబడింది, నాలుక ఎండిపోయింది. మంచం మీద పడుకుని గాలిలో పత్తి ఏరుతున్నాడు.

సరిగ్గా అప్పుడే ఆసామి హెడ్ కానిస్టేబుల్‌ను వెంటబెట్టుకొచ్చాడు. నేను పక్క వార్డులో ఉన్నాను. తిరిగి వచ్చేసరికి ఆసామి యోహాను చెవి దగ్గర వంగి, "మందు తాగినావు కదరా?" అంటున్నాడు. "తాగినా" అంటున్నాడు యోహాను. హెడ్డు రాసేసుకున్నాడు. రోగి తెలివిలో ఉన్నాడని కింద డాక్టరు సంతకం చేస్తేనే ఆ వాంగ్మూలానికి విలువ. కాగితం నా ముందు పెట్టాడు. ఆత్మహత్యాయత్నం అప్పట్లో నేరం. నేను సంతకం పెడితే చావు తప్పించుకున్న మనిషి కోర్టు మెట్లెక్కాలి, ఆసామి చేతులు దులుపుకుంటాడు.

నేను మంచం దగ్గరికి పోయాను.

"యోహానూ, అవుకు చెరువు నీళ్లన్నీ నువ్వే తాగినావా?"

"తాగినా."

"ఏనుగును యాడ కట్టేసినావ్?"

"దొడ్లో."

"నేనెవరు?"

"మా మేనత్త" అని నా కొంగు మీద లేని పత్తికాయ తెంపాడు.

సువార్తమ్మకు ఏడుపులోనే నవ్వొచ్చింది. నాకు రాలేదు. "ఏం హెడ్డుగారూ, చెరువు తాగిన కేసు గూడా రాసుకోండి" అన్నాను.

"ఊరికే సంతకం చేయండమ్మా, మీకెందుకు ఈ తంటా?" అన్నాడు ఆసామి.

"నువ్వు మాట్లాడొద్దు. ఆ కారే డబ్బా నీ వీపుకు కట్టుకుని రెండు సాళ్లు కొట్టిరాపో, అప్పుడు చేస్తా" అన్నాను. వార్డంతా వినేట్టే అన్నాను. కేసు షీటులో 'చర్మం ద్వారా విషం, అట్రోపిన్ వల్ల మతి భ్రమ, వాంగ్మూలానికి తగడు' అని రాసి, చొక్కాకు సీలు వేయించి హెడ్డుకే అప్పగించి, రసీదు తీసుకున్నాను.

అట్రోపిన్ దిగిపోయి, కంటిపాపలు మామూలయ్యాక, హెడ్డును నేనే పిలిపించాను. యోహాను తన పేరు, ఊరు, ఏ వారమో సరిగ్గా చెప్పాడు. డబ్బా మూత దగ్గర కారిందనీ, ఆసామికి చెప్పినా వినలేదనీ చెప్పాడు. ఆ వాంగ్మూలం కింద సంతకం చేశాను. యోహాను మీద కేసు రాలేదు. "మరి ఆసామి మీద?" అన్నాను. "ఏ సెక్షన్ కింద పెట్టేదమ్మా?" అని హెడ్డు తల గోక్కున్నాడు. కూలీ విషం తాగాడని రాయడానికైతే సెక్షన్ వెతుక్కోకుండానే వచ్చాడు.

ఆ కేసు నాకు నేర్పింది ఇదే. అట్రోపిన్ నడుస్తున్నంతసేపు మనిషి అవునన్నా కాదన్నా లెక్కలోకి తీసుకోకూడదు. వాడి చొక్కా ఎటువైపు తడిసిందో చూడాలి. ఆసామిని మాత్రం మంచం దగ్గరికి రానివ్వకూడదు.