సుమత్రాలో నేను పాతిన మేకులు

మొన్న మంచు కరిగి, ఇక్కడ కెనడాలో రెజైనా ఊరి పెరళ్ళలో గడ్డి బయటపడిందో లేదో, మా అమ్మాయి వాళ్ళ పక్కింటాయన టేపు పట్టుకొచ్చి, మా కంచె తన స్థలంలోకి అరడుగు జరిగిందని తేల్చి, పలకరింపైనా లేకుండా నారింజ రంగు జెండా ఒకటి మా గడ్డిలో గుచ్చి వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండింది. మా అల్లుడు మాత్రం కాఫీ కప్పులోంచి తల ఎత్తకుండానే, "మావయ్యగారూ, మీరు టెన్షన్ పడకండి. సర్వేయర్‌ని హైర్ చేద్దాం, వాళ్ళొచ్చి లైన్ మార్క్ చేస్తారు, అంతే" అన్నాడు.

ఆ 'అంతే' దగ్గర నేను ఆగిపోయాను. ఇరవయ్యారేళ్ళ వయసులో నేనూ సర్వేయర్నే. గీత గీసినంత మాత్రాన ఏదీ తేలిపోదని నాకు నేర్పిన ఊరు ఒకటుంది. అక్కడ నేను చేసినది చెప్పుకోదగ్గది కాదు కనుక ఇన్నేళ్ళలో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. విదేశంలో ఉద్యోగం అంటే ఎక్కడ, ఏమిటి అని కూడా అడక్కుండా పెట్టె సర్దుకున్న నా ఈడు వాళ్ళకి చెబితే, క్షమించకపోయినా అర్థమైనా అవుతుందని ఇప్పుడు రాస్తున్నాను.

ఆ ఊరు ఇండోనేషియాలో, సుమత్రా దీవి పడమటి కొండల వెనుక ఉండేది. జీపు దారి అయిపోయాక మోటారు పడవలో ఒక పూటంతా ఏటికి ఎదురు వెళ్ళాలి. పామాయిల్ తోటలు వేసే ఒక కంపెనీ అక్కడి వాలు భూములు కొలిపించుకోవడానికి నన్ను పంపింది. మాది గోదావరి జిల్లాలో కరణాల ఇల్లు, భూమి కొలిచే గొలుసు పట్టని తరం లేదని మా తాత గొప్పగా చెప్పేవారు, ఆ గర్వం నాకూ బాగానే అంటింది. ఊళ్ళో ఇళ్ళు కర్రవి, పొడుగాటివి, కప్పులు రెండు కొసల్లోనూ దున్నపోతు కొమ్ముల్లా పైకి లేచి ఉండేవి. వరి మడులు, వాటికి ఎగువన రబ్బరు చెట్లు, ఇంకా పైన అడవి. చూడగానే కోనసీమ గుర్తొచ్చింది గాని, ఆ ప్రేమ వారం కూడా నిలవలేదు.

నేను కొలవడమే కాక, ప్రతి ఇంటి యజమాని చేతా భూమి ఇవ్వడానికి సమ్మతేనని సంతకం పెట్టించాలి. ఊళ్ళోకెల్లా పెద్ద తోట ఉన్న ఇంటికి వెళ్ళి, మన వైపు ఎలా అడుగుతామో అలాగే, ఇంటి మగమనిషి ఎవరని అడిగాను. రబ్బరు పాలు తీసుకొస్తున్న ఒక నెమ్మదైన మనిషిని చూపించారు. ఆయన ఆ ఇంటి అల్లుడు. నేను కుర్చీ వేసి కూర్చోబెట్టి, మ్యాపు పరిచి, ఇది మీదేనా అని అడిగితే ఆయన ముఖం వెలిగిపోయింది. అప్పటిదాకా ఆయన్ని ఎవరూ ఏదీ అడిగి ఉండరని నాకు తరవాత తెలిసింది. చేతులు రెండుసార్లు కడుక్కొచ్చి, అక్షరం అక్షరం దిద్దినట్టుగా సంతకం చేశాడు.

మర్నాటినుంచి ఊరు ఊరంతా నా మీద తిరగబడింది. కాఫీ కొట్టు ఆవిడ నన్ను చూడగానే గ్లాసులు బోర్లించేది. బియ్యం అడిగితే లేవనేవారు, అరుగు మీద బస్తాలు కనబడుతూనే ఉండేవి. నాతో వచ్చిన ఇద్దరు పనివాళ్ళు రెండో వారంలో చెప్పకుండా దిగువకి వెళ్ళిపోయారు. పగలంతా నేను పాతిన కొయ్యమేకులు తెల్లవారేసరికి నా గది ముందు వంటచెరకులా శుభ్రంగా పేర్చి ఉండేవి. విసిరేసినా అంత కోపం వచ్చేది కాదు. ఆ పేర్పులో ఒక ఎగతాళి ఉంది. పీకుతున్నది ఆ అల్లుడి అత్తగారు, డెబ్బయ్యేళ్ళ పెద్దావిడ. ఒకనాడు నేను పాతుతుండగానే నా వెనకాలే వస్తూ, ఒక్కొక్కటే పీకి ఒళ్ళో వేసుకుంది. నేను అరిచాను. ఆవిడ నా ముఖం కూడా చూడలేదు. నేను వాళ్ళని ద్వేషించాను. ఆ మాటని ఇప్పుడు మెత్తబరచి రాయను. ఉడకబెట్టిన కర్రపెండలం మూడు రోజులు తిని, ఆ ఊరు మునిగిపోతే బాగుండునని కోరుకున్నాను.

నాలుగో రోజు పొద్దున పెద్దావిడ, కూతురిని వెంటబెట్టుకుని నా గుమ్మంలోకి వచ్చింది. అప్పటికి వాళ్ళ బజారు భాష నాకు పట్టుబడింది.

"మీ అమ్మ ఉండే ఇల్లెవరిది?" అంది.

"మా నాన్నది."

"మీ నాన్నకి కోపమొస్తే మీ అమ్మ ఎక్కడికెళుతుంది?"

"మా నాన్నకి కోపం రాదు" అన్నాను.

వెనకాల నిలబడ్డ కూతురు నవ్వింది. పెద్దావిడ నవ్వలేదు. "ఇక్కడ కోపమొస్తే వెళ్ళేది మగాడు. నేల మా అమ్మది, తరవాత నాది, రేపు దీనిది. అమ్మాలన్నా ఇవ్వాలన్నా నా తమ్ముడూ నేనూ అందరం కూర్చుని మాట్లాడాలి. నువ్వు సంతకం పెట్టించుకున్నవాడు దీని మొగుడు. వాడికి మా ఇంట్లో చాప ఉంది, చెట్టు లేదు. ఆ కాగితం ఇచ్చెయ్."

నాకు వెంటనే అర్థమైంది. అర్థం కాలేదని చెప్పుకోవడానికి నాకు దారి లేదు. మా అమ్మకి పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద రెండెకరాల చేను ఇచ్చారు. ఆ చేలో పండిన మినుములతోనే ఏటా వడియాలు పెట్టేది. ఒక ఏడు, మినుములు ఇంకా ఇంటికి రాలేదేమని అడిగితే, చేను పోయిన నెలలోనే అమ్మేశానని మా నాన్న భోజనం చేస్తూ చెప్పాడు. అమ్మ ఆయనకి మజ్జిగ వడ్డించింది. నేనూ నా కంచం ఖాళీ చేసి లేచాను. ఇన్ని తెలిసినవాడికి, ఆ కాగితం పెట్టెలోంచి తీసి ఇచ్చెయ్యడానికి నిమిషం పట్టదు.

ఇవ్వలేదు. ఆకలి, అవమానం, కరణాల మనవణ్ణి ఒక ముసలామె నిలదీయడమేమిటన్న పొగరు, అన్నీ కలిసి, ఇది ఆఫీసు కాగితమని గద్దించి తలుపు వేసుకున్నాను. మర్నాడు కంపెనీ పడవ రాగానే మేనేజరు చేతిలో పెట్టాను. ఇంటి యజమాని సంతకమేనా అని ఆయన అడిగాడు కూడా. అవునండీ అన్నాను.

రెండు వారాల్లో యంత్రాలు వచ్చాయి. దిగువ వాలు మీద ఆ ఇంటి రబ్బరు చెట్లు ఒక్క రోజులో పడిపోయాయి, తెగిన మొదళ్ళలోంచి పాలు కారుతూనే ఉన్నాయి. వరి మడుల దగ్గరికి వచ్చేసరికి ఊళ్ళో ఆడవాళ్ళంతా గట్ల మీద కూర్చున్నారు, పసిపిల్లల తల్లులతో సహా. మూడు రోజులు కదల్లేదు. కంపెనీ మడుల్ని వదిలి, పోయినంత మేరకే చాలనుకుంది. నా పనీ అయిపోయింది. సామాను మోసుకుంటూ ఏటికి వెళుతుంటే ఆ ఇంటి మెట్ల మీద ఒక చాప చుట్ట, రెండు చొక్కాలు, రబ్బరు చెట్టు గీసే కత్తి కనబడ్డాయి. పెద్దావిడ పైన కిటికీ దగ్గర బియ్యం చెరుగుతోంది. చేట ఆగలేదు.

ఆ ఇంటి అల్లుడు కూడా అదే పడవ ఎక్కాడు. పెళ్ళాం ఇంట మగాడు మోడు మీద బూడిద లాంటివాడని, గాలి వస్తే పోవలసిందేనని వాళ్ళలో సామెత. పడవవాడు ఆయన వినేట్టుగా ఆ సామెత అని నవ్వాడు. ఆ మనిషి నాకెదురుగా మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు.

"మా అక్క ఇంటికి పోతున్నా. కబురు ముందే చేరి ఉంటుంది" అన్నాడు.

క్షమించమని అడగడానికి వాళ్ళ భాషలో మాట నాకు వచ్చు. అడగలేదు. దిగువన ఒక రేవులో ఆయన దిగాడు. ఒడ్డున ఇళ్ళు దగ్గరగానే ఉన్నాయి, వాకిళ్ళలో మనుషులూ ఉన్నారు, ఎవరూ రేవులోకి దిగి రాలేదు. మా పడవ మలుపు తిరిగేదాకా ఆయన చాప చంకన పెట్టుకుని నీళ్ళ అంచునే నిలబడి ఉన్నాడు.

సెలవులో ఇంటికి వెళ్ళినప్పుడు మా అమ్మని ఆ చేను సంగతి అడిగాను. "ఇప్పుడెందుకురా అది" అంది. ఆవిడ గొంతులో కోపం వినడం నాకు అదే మొదలు, అదే ఆఖరు.

ఈ మధ్య కంప్యూటరులో ఉపగ్రహం బొమ్మల మీద ఆ ఏరు పట్టుకుని ఎగువకి వెతుక్కుంటూ వెళ్ళాను. రెండు వైపులా గళ్ళ చీర పరిచినట్టు పామాయిల్ చెట్లే. వరి మడులు మిగిలాయో లేదో తెలియలేదు, కొమ్ముల కప్పులు పైనుంచి చూస్తే కనబడవు. ఇప్పుడు భూమి కొలవడానికి పడవ ఎక్కక్కర్లేదట, ఊళ్ళో ఒక పూటైనా ఉండక్కర్లేదట, ఎక్కడో గదిలో కూర్చుని గీతలు గీసేస్తారట. మంచిదే, ఎవరూ మూడు రోజులు కర్రపెండలంతో కడుపు నింపుకోరు. కానీ ఆ రోజుల్లో ఊరిని కొలిచేవాడు ఆ ఊరి బియ్యమే అడుక్కోవలసి వచ్చేది. మీ అమ్మ ఇల్లెవరిదని వాణ్ణి గుమ్మంలో నిలబెట్టి అడగడానికి వీలుండేది. వాడు నాలా తప్పుడు జవాబు చెబితే, కనీసం అసహ్యించుకోవడానికి వాళ్ళకొక ముఖం ఉండేది.