కాదనడానికి ఒక బొమ్మ

మా ఆయనకు పక్షవాతం వచ్చిన మరుసటి ఏడు, సెలవు దొరికినప్పుడల్లా మిర్యాలగూడలో కోదాడ బస్సెక్కేదాన్ని. ఆయన గొర్రెల వ్యాపారి. సంతలో బేరానికి దిగితే ఎదుటివాడికి మాట అందనిచ్చేవాడు కాదు. అలాంటి మనిషికి కాలూ చెయ్యీ కొంత తిరిగొచ్చాయి గానీ మాట రాలేదు. చదువుకోలేదు కాబట్టి రాసి చూపించడమూ లేదు. ఏదో అడిగేవాడు, నాకు తెలిసేది కాదు, ఇద్దరికీ కోపం వచ్చేది. బడిలో పాఠాలు చెప్పి వచ్చి, ఇంట్లో ఆ సైగలతో వేగలేక, తినకుండానే పడుకున్న రోజులున్నాయి.

తోటి టీచరు టచ్ ఫోన్ కొన్నప్పుడు ఆలోచన వచ్చింది. బొమ్మ మీద వేలు పెడితే ఫోనే మాట్లాడితే? అలాంటివి ఇంగ్లీషులో ఉన్నాయన్నారు. తెలుగులో చేసిచ్చేవాళ్ళ కోసం వెతికితే కోదాడలో ఫ్లెక్సీల దుకాణం పైన ఒక గది దొరికింది. బీటెక్ చదివిన అమ్మాయి, వాళ్ళన్న కలిసి యాప్‌లు చేసేవారు.

"నెలలో ఇచ్చేస్తామండీ" అంది ఆ అమ్మాయి. నెలలు గడిచాయి. బొమ్మ వస్తే మాట వచ్చేది కాదు, మాట వస్తే ఫోన్ ఆగిపోయేది. నేను వెళ్ళేసరికి కరెంటు ఉండేది కాదు. చున్నీతో చెమట తుడుచుకుంటూ ఆమె సంజాయిషీ చెబుతుంటే కోప్పడే ఓపిక కూడా నాకుండేది కాదు.

మొదట నా గొంతే పెట్టించాను. ఇంట్లో ఆయన నీళ్ళ గ్లాసు బొమ్మ నొక్కాడు. "దూపైతుంది" అని నా గొంతు పలికింది. ఆయన ఫోన్‌ను మంచం మీద బోర్లా పెట్టి అటు తిరిగి పడుకున్నాడు.

తన మాట ఆడగొంతులో రావడం నచ్చలేదని అర్థమై, ఈసారి కోదాడకు ఆయన్నీ తీసుకెళ్ళాను. దారిలో గరిడేపల్లిలో మా మరిది బస్సెక్కాడు. అన్నదమ్ముల గొంతు ఒకటే. ఆయన్ని మెట్లెక్కించి కూర్చోబెట్టాక, మరిది మైకు ముందుకు వెళ్ళాడు.

"వదినా, అన్న గొంతంత గట్టిగ రాదు నాకు."

"వచ్చిన కాడికి సాలు, సెప్పు."

"దూపైతుంది, నీళ్లియ్యి" అన్నాడు. "నడుం నొస్తుంది" అనేటప్పటికి మైకు వదిలేసి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. టీ తెస్తానని ఆ అమ్మాయి కిందికి వెళ్ళిపోయింది.

అన్నీ ఎక్కించాక ఫోన్ ఆయన చేతికిచ్చాం. ఒక్కొక్కటీ నొక్కి, తమ్ముడి గొంతు విని, ఫోన్ పక్కకు తోసేశాడు.

"ఇంకేం పెట్టమంటారు అంకుల్?"

ఆయన నా వైపు చూస్తూ అరచేత్తో గాలిని నెట్టాడు. మళ్ళీ నెట్టాడు. ఆ అమ్మాయి కాసేపు చూసి, "మేడమ్, మనం అన్నీ అడిగేవే పెట్టాం. కాదనడానికి ఒక్కటీ లేదు" అంది.

నిజమే. ఆయన ఏం అడుగుతాడోనన్న ధ్యాసే తప్ప, ఒద్దనేది ఒకటుంటుందని నాకు తోచలేదు. మరిది మళ్ళీ మైకు ముందు కూర్చున్నాడు. "ఒద్దు." "ఇప్పుడు గాదు." "జర ఊకో." చివరిది వినగానే ఆయన వంకర మూతితోనే నవ్వాడు.

ఆ తర్వాత మా ఇంట్లో ఎక్కువగా వినిపించింది "జర ఊకో"నే. మాత్ర తెస్తే అదే, స్నానానికి లేపితే అదే. "మాత్రేసుకుంటె ఊకుంట తియ్" అనేదాన్ని. చిరాకు పుట్టేది. అయినా మళ్ళీ ఇద్దరం పోట్లాడుకుంటున్నామని మనసుకు కాస్త నెమ్మదిగా ఉండేది.

ఎక్కువ కాలం నడవలేదు. ఫోన్ పాడైంది, కొత్తదాంట్లో యాప్ ఎక్కలేదు. కోదాడ వెళ్తే గదికి తాళం. అక్కణ్ణుంచే ఆ అమ్మాయికి ఫోన్ చేశాను.

"హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరానండీ. ఫోన్ పంపండి, ఆదివారం కూర్చుని చూస్తాను" అంది. ఆమె గొంతూ అలసిపోయే ఉంది.

పంపుతానన్నాను. పంపలేదు. అప్పటికి ఆయనకు నాలుగు ముక్కలు నోటితోనే వస్తున్నాయి. మిగతావి సైగలు, సగం నాకు తెలుస్తాయి, సగం తెలియవు. ఆ రోజు తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. హుజూర్‌నగర్ ఎప్పుడు దాటామో తెలియకుండా నిద్రపోయాను.