నాయనమ్మ ఉతికిన హంసలు

మొన్న మా మనవరాలు ఫోను నా ముఖానికి దగ్గరగా పెట్టి, "అమ్మమ్మా, ఇది జర చూడవా" అంది. వరంగల్ బడిపిల్లలంతా కలిసి తమ తమ వాడల చరిత్ర వెతికి ఒక వెబ్‌సైట్‌లో పెడుతున్నారట. వెబ్ అంటే సాలెగూడని ఎవరో చెప్పారు నాకు. ఆ లెక్కన మా ఇంట్లో ఎప్పటినుంచో నాలుగైదు వెబ్‌సైట్లు ఉన్నాయి, దులపడానికి నాకే ఓపిక లేదు. సరే, కళ్లద్దాలు పెట్టుకుని చూస్తూ పోతుంటే ఒక ఫొటో దగ్గర వేలు ఆగిపోయింది. కోటలో ఓ గోడకు నిలబెట్టిన రాయి, దాని మీద వరసగా హంసలు. కింద పిల్లలు రాశారు: "ఈ రాయి వెనక వైపు అద్దంలా ఉంది. కాకతీయుల శిల్పులు రాతిని ఎంత నునుపు చేయగలరో దీన్నిబట్టి తెలుస్తుంది." నాకు నవ్వు ఆగలేదు. ఆ రాయి మా బావి గట్టుది.

డెబ్బైలలో మేం కోట లోపలే ఉండేవాళ్లం. కోటలో అనగానే రాణివాసం అనుకోకండి. రెండు అర్రలు, ఒక బర్రె, వానొస్తే గిన్నెలు పెట్టుకోవాల్సిన పెంకుల కప్పు. మా వాడలో చెక్కిన రాయి లేని ఇల్లు తక్కువ. ఒకరికి అది గడప, ఇంకొకరికి మేకను కట్టేసే గుంజ. అప్పుడు నేను ఏడో తరగతి. మా సోషల్ సారు ఒకరోజు పుస్తకం మూసేసి, "రాజుల సంగతి ఈ పుస్తకంల ఉన్నది, ఎటువోదు. మీ ఇంట్ల అన్నిటికన్న పాతదేందో చూసొచ్చి చెప్పుండ్రి" అన్నాడు. మర్నాడు వెనక బెంచీ పిల్లగాడొకడు వాళ్ల తాతను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. క్లాసంతా గొల్లుమంది. సారు మాత్రం నవ్వకుండా తాతకు కుర్చీ వేసి, ఆ రోజు పాఠమంతా ఆయనతోనే చెప్పించాడు.

మా ఇంట్లో తాత లేడు, ఏం చెప్పాలో తోచలేదు. ఆ సాయంత్రం బావి దగ్గర నాయనమ్మ బట్టలుతుకుతుంటే సబ్బు బిళ్ల జారి బండ కిందికి పోయింది. కప్ప ఉంటుందేమోనని భయపడుతూనే సందులో చెయ్యి పెట్టాను. వేళ్లకు మొదట పూసల వరస తగిలింది. ఆ పక్కన ముక్కు. రాతి ముక్కు. "నాయనమ్మా, కింద పిట్ట ఉన్నది" అన్నాను. "ఉంటే ఉండనియ్యి. నువ్వు సబ్బు తియ్యి" అంది.

నేనేమో సారుకు చెప్పాను. ఆదివారం పొద్దున సారు, సగం క్లాసు, రెండు గడ్డపారలు మా వాకిట్లో ఉన్నాయి. నాయనమ్మ వచ్చి బండ మీద కూర్చుంది, లేవలేదు. ఆమె భయం ఏమిటో మా అందరికీ తెలుసు. చెక్కిన రాయి బయటపడితే సర్కారోళ్లు జీపేసుకుని వస్తారని, ముందు రాయి, తర్వాత ఇల్లు ఖాళీ చేయిస్తారని వాడలో చెప్పుకునేవాళ్లు. మాకు ఆ ఇల్లు తప్ప తల దాచుకునే చోటు లేదు. "సారూ, మీకు సదువు గావాలె, మాకు గూడు గావాలె. ఎవల ఫికర్ వాళ్లది" అంది. సారు చెప్పులు విడిచి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. "అమ్మా, ఎవలిల్లో ఎక్కడ చెప్ప. పిల్లలకు ఒక్కపారి చూపిచ్చి మళ్ల బోర్లేస్తం." నాయనమ్మ సారును చూసింది, మా ముఖాలు చూసింది, మెల్లగా లేచింది. "ఒక్కపారే. కాళ్ల మీద ఏసుకునేరు, పైలం."

బండ లేచింది. మట్టి, నాచు, రెండు కప్పలు. నాయనమ్మే చెంబుతో నీళ్లు పోసింది. చెంబు చెంబుకూ ఒక హంస బయటికొచ్చింది. ఒకటి మెడ వంచింది, ఒకటి రెక్క దువ్వుకుంటోంది, చివరిది తన వెనక ఇంకెవరన్నా వస్తున్నారా అన్నట్టు తిరిగి చూస్తోంది. ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజున కూడా వరసలో నిలబడని మా క్లాసు, ఒకరి భుజాల మీంచి ఒకరు తొంగి చూసింది. రోజూ నేను పళ్లు తోముకునే చోట, నా పాదాల కిందే, వందల ఏళ్లుగా ఈ హంసలు చీకట్లో నడుస్తూనే ఉన్నాయి కదా అనుకుంటూ పాదాలు పక్కకు జరుపుకున్నాను. నాయనమ్మ ఆ చివరి హంస మెడ మీద వేలు పెట్టింది. "పాలూ నీళ్లూ ఏరుపరుస్తయంటరు ఇవి. నేనేమో ఇన్నేండ్లు సబ్బునీళ్లు తాపిన."

"ఇగ బోర్లేద్దామా అమ్మా?" అన్నాడు సారు, మాట ప్రకారం. "జల్ది ఎయ్యిండ్రి, ఎవలన్న చూస్తరు" అన్నాడు నాయన. నాయనమ్మ కదల్లేదు. "ఆగు బిడ్డా. చూడకముందు ఏమో గని, చూసినంక వాటి ముఖం మట్టిల పెట్ట చేతులు రావు. గోడకు నిలవెట్టుండ్రి."

"జీపొస్తే?" అన్నాడు నాయన.

"రానియ్యి. మనమెన్నడన్న జీపు ఎక్కినమా."

సారు మాట నిలబెట్టుకున్నాడు. మేం గీసి బడి గోడకు పెట్టిన హంసల బొమ్మ కింద "కోటలో ఒక ఇల్లు" అని మాత్రమే రాయించాడు. ఇక నాయనమ్మ ధైర్యం సంగతి. జీపు చప్పుడైతే చాలు, తడి చీర తెచ్చి హంసల మీద ఆరేసేది. దారంతా జీపులే అయ్యే మేడారం జాతర రోజుల్లోనైతే ఒకే చీర పూటకు ఎన్నిసార్లు ఆరేదో. మా కోసం మాత్రం ఏ జీపూ రాలేదు. బట్టలకు ఇంకో గరుకు బండ తెచ్చి వేశారు. "ఇది ఉతుకుత లేదు, నములుతాంది" అని ఆమె పోయేదాకా తిట్టింది కానీ, పాత బండ కావాలని ఒక్కనాడూ అనలేదు. ఎనభైలలో ఆమె పోయాక ఆ ఇల్లు అమ్మి హనుమకొండకు మారాం. హంసలు అక్కడే ఉండిపోయాయి.

ఇదంతా విని మనవరాలు, "అయితే మేం రాసింది తప్పా?" అంది. సగమే తప్పన్నాను. కూర్చుని దిద్దింది: "వెనక వైపు నునుపు చేసింది మా అమ్మమ్మ వాళ్ల నాయనమ్మ. పనిముట్లు: చీరలు, ధోతులు, సబ్బు." ఏ ఇల్లో కూడా రాస్తానంటే వద్దన్నాను, అది సారు ఇచ్చిన మాట. రాతిని కాలం అరగదీస్తుందని చదువుకున్నాం. ఆ కాలం రోజూ కొంగు నడుముకు దోపి మా బావి గట్టున బట్టలుతికేదని మాత్రం ఏ పుస్తకమూ చెప్పలేదు.